చిన్నబిడ్డలతో ఆటస్థలములో ఒక గంట

ఎండాకాలము సెలవులు వచ్చినవంటే నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో ప్రతి ఇంట ఒకటే మాట: "ఈ పిల్లలను ఎట్లా పట్టుకునేది?" పెద్ద పిల్లలు బ్యాటు, బంతి తీసుకొని వెళ్లిపోతారు. ఇంట్లో మిగిలేది రెండేండ్ల నుండి ఆరేండ్ల వరకు ఉన్న చిన్నబిడ్డలు. గడప దాటితే మోటారు సైకిళ్లు, ఆటోలు. గడప లోపల ఉంటే సెల్‌ఫోను. తల్లికి చేతినిండ పని ఉన్నది గనుక, ఏడుపు మానిపించుటకు ఫోను బిడ్డ చేతిలో పెట్టుట సులువైన మార్గముగా కనబడుచున్నది.

ఈ వయస్సు బిడ్డలకు కావలసినది ఖరీదైన బొమ్మ కాదు. పరుగెత్తుటకు కొంత చోటు, కొంచెము నీడ, పక్కన కూర్చుని చూచే ఒక పెద్ద మనిషి. ఈ మూడును మన ఊళ్లలో దొరికేవే. వాటిని ఒక్కచోట చేర్చుట ఎట్లో, అక్కడ ఏయే జాగ్రత్తలు తీసుకొనవలెనో తల్లిదండ్రులమైన మనము ఆలోచించవలసి ఉన్నది.

ఆట ఎందుకు?

"ఆటలతో కడుపు నిండుతుందా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. చిన్నబిడ్డకు ఆట వృథా కాలక్షేపము కాదు. మెట్టు ఎక్కి దిగుట వలన కాళ్లకు బలము వచ్చును. ఇసుకను పిడికిట పట్టి వదలుట వలన వేళ్లకు నేర్పు వచ్చును. రేపు పలక మీద బలపము పట్టవలసినవి ఆ వేళ్లే. ఉయ్యాల దగ్గర తన వంతు వచ్చువరకు నిలుచుట వలన ఓర్పు అలవడును. ఈ పాఠములు ఫోనులో దొరకవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేండ్లలోపు బిడ్డలను గురించి కొన్ని సూచనలు చేసినది. ఒక ఏడు నుండి నాలుగేండ్ల వరకు ఉన్న బిడ్డలు రోజు మొత్తము మీద కనీసము మూడు గంటలు కదలుచు, నడచుచు, ఆడుచు ఉండవలెను. మూడేండ్లు దాటిన వారికి అందులో ఒక గంట అయినను గట్టిగా పరుగెత్తే ఆట ఉండవలెను. రెండేండ్లలోపు బిడ్డకు ఫోను, టి.వి. చూపనే కూడదు. రెండు నుండి నాలుగేండ్ల వారికి రోజుకు ఒక గంట మించకూడదు.

కంటిచూపుకు కూడ ఆరుబయట ఆట మేలు చేయును. తైవాన్ దేశములో పిల్లలకు చిన్నతనముననే కళ్లద్దములు వచ్చుట ఎక్కువైనందున, 2010 నుండి బడిపిల్లలు రోజుకు రెండు గంటలు ఆరుబయట వెలుతురులో ఉండునట్లు ఏర్పాటు చేసినారు.

జెకర్యా ప్రవక్త గ్రంథము 8వ అధ్యాయము 4, 5 వచనములు తెరచి చూడండి. దేవుడు బాగుచేసిన పట్టణము ఎట్లుండునో ప్రవక్త అక్కడ చెప్పుచున్నాడు. కోటగోడలను గాని బంగారమును గాని ఆయన ఆ చోట చెప్పలేదు. చేతికర్ర పట్టుకొని వీధులలో కూర్చున్న వృద్ధులను, అదే వీధులలో ఆడుకొనుచున్న పిల్లలను చూపించినాడు. పెద్దలు కూర్చునే చోట చిన్నవారు ఆడుకొందురు. ఊరు క్షేమముగా ఉన్నదనుటకు ఇంతకంటె గుర్తు ఏమి కావలెను?

మన ఊళ్లలో చోటు ఎక్కడ?

నంద్యాల 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాకు కేంద్రమైనది. ఊరు పెరిగేకొలది ఖాళీ స్థలము తరుగును. అయినను వెదికితే చోటు లేకపోలేదు. ఎస్.పి.జి. హైస్కూలు మైదానము ఊరివారందరికి తెలిసినదే. ఉదయము నడకకు వచ్చేవారు, క్రికెట్ ఆడే యువకులు, అప్పుడప్పుడు జరిగే బహిరంగ సభలు, అన్నిటికి అదే చోటు. చిన్నబిడ్డలను ఇటువంటి పెద్ద మైదానమునకు పిలుచుకొని వెళ్లినప్పుడు మధ్యలో వదలకండి. గట్టి క్రికెట్ బంతి చిన్నబిడ్డ తలకు తగిలితే ప్రమాదము. ఒక మూల, చెట్టునీడ చూచుకొని, పెద్దపిల్లల ఆటకు దూరముగా కూర్చోండి.

పురపాలక సంఘము వారి పార్కు దగ్గరలో ఉన్నవారు దానిని వాడుకొనవచ్చును. పార్కు లేనిచోట సర్కారు బడి ఆవరణ ఉన్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి బడికి ఆటస్థలము ఉండవలెనని చెప్పుచున్నది. బడి వదలిన తరువాత సాయంకాలము ఒక గంట చిన్నబిడ్డలకు గేటు తీయమని ప్రధానోపాధ్యాయుని, బడి కమిటీని మర్యాదగా అడగవచ్చును. పల్లెలలో అయితే వేపచెట్టు కింది అరుగు, పంట ఇంటికి చేరిన తరువాత ఖాళీగా ఉండే కళ్లము, అంగన్‌వాడీ ముంగిలి ఉండనే ఉన్నవి.

ఆళ్లగడ్డ రాతి శిల్పములకు పేరుపొందిన ఊరు. శిల్పులు ఉలితో, యంత్రములతో రాయి చెక్కుచుండగా చూచుటకు పిల్లలకు ఎంతో ఇష్టము. దూరము నుండి చూపించండి గాని, ఆ పక్కన ఆడనీయకండి. రాయి కోసినప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో చేరితే మానని జబ్బు చేయును. రాతిపొడి తెల్లగా, మెత్తగా ఉన్నదని ఆటకు తెచ్చి పోయుట అసలే కూడదు. కడిగిన ఏటి ఇసుకే మేలు.

నీళ్ల పక్కన ఆట వద్దు

మన ప్రాంతమునకు నీళ్లు దేవుని దీవెన. 1860లలో తవ్విన కర్నూలు-కడప కాలువ, కుందూనది, ఆళ్లగడ్డ వైపు వక్కిలేరు, తెలుగుగంగ కాలువ, వీటి మీదనే మన పంటలు ఆధారపడి ఉన్నవి. ఆటస్థలము లేని పిల్లవాడు వెళ్లేది కూడ ఈ గట్లకే.

2021 ఒక్క సంవత్సరములో ప్రపంచమంతట సుమారు 3 లక్షల మంది నీటమునిగి చనిపోయినారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పినది. వారిలో దాదాపు నాలుగవ వంతు ఐదేండ్లలోపు బిడ్డలే. చిన్నబిడ్డ మునిగేటప్పుడు కేక వేయడు, చేతులు ఊపడు. చప్పుడు లేకుండ రెండు మూడు నిమిషములలో అంతా అయిపోవును. దానికి పెద్ద కాలువే అక్కరలేదు. ఇంటి ముందర మూత లేని సంపు, నిండిన తొట్టి చాలును.

బంగ్లాదేశ్ పల్లెలలో ఈ విషయమును పరిశీలించినవారు ఒక సంగతి కనుగొన్నారు. ఎక్కువ మరణములు ఉదయము తల్లులు పనిలో మునిగి ఉన్న వేళనే జరుగుచున్నవి. అందుచేత ఊరిలోనే ఒక స్త్రీ దగ్గర ఉదయము నుండి మధ్యాహ్నము వరకు చిన్నపిల్లలను ఒకచోట చేర్చి ఆడించే ఏర్పాటు చేసినారు. ఆ పిల్లలలో నీటి మరణములు చాలా తగ్గినవి. నీళ్లకు దూరముగా, పెద్దల కంటి ముందర చిన్నబిడ్డలు ఆడుకొనే చోటు ప్రతి ఊరికి ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ సలహా ఇచ్చుచున్నది. వరినాట్లప్పుడు, శనగకోతలప్పుడు తల్లులు పొలములకు వెళ్లే మన పల్లెలకు ఈ మాట సరిగ్గా వర్తించును.

అక్కను కూడ ఆడనీయండి

మన ఊళ్లలో తరచుగా కనబడే దృశ్యము ఇది. ఎనిమిదేండ్ల అక్క చంకలో రెండేండ్ల తమ్ముడు. తల్లి పనికి వెళ్లినది. తోటి పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుచుండగా ఆమె గోడకు ఆనుకొని చూచుచున్నది. తమ్ముని దించితే మట్టి తినును, దించకపోతే ఆట లేదు.

ఆమె కూడ బిడ్డయే. 1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణము, ఆట ప్రతి బిడ్డకు హక్కు అని చెప్పుచున్నది. మన దేశము 1992లో దానిని అంగీకరించినది. ఆటస్థలమునకు ఒక అవ్వయో, తాతయో, పనినుండి వచ్చిన తండ్రియో వెంట వెళ్లినయెడల చిన్నవాడు క్షేమముగా ఉండును, ఆ ఆడబిడ్డ చంక బరువు కూడ దిగును. ఎనిమిదేండ్ల పిల్లను కావలి ఉంచి "ఎవరో ఒకరు చూస్తున్నారులే" అని పెద్దలు అనుకొనుట మంచిది కాదు.

ఏ వేళలో వెళ్లవలెను?

ఏప్రిల్, మే నెలలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటును. ఉదయము ఎనిమిది గంటలలోపు, లేక సాయంకాలము ఐదున్నర తరువాత వెళ్లుట మంచిది. చిన్నబిడ్డ శరీరము పెద్దవారికంటె త్వరగా వేడెక్కును. దాహమని చెప్పుట కూడ వారికి తెలియదు. గనుక అడగకపోయినను పావుగంటకు ఒకసారి నీళ్లు గాని, పలుచని మజ్జిగ గాని తాపండి. నూలు బట్టలు తొడగండి. బిడ్డ మందకొడిగా ఉన్నా, నోరు ఎండినా, చాలాసేపు మూత్రము పోయకపోయినా ఆట ఆపి నీడకు చేర్చి, ఓ.ఆర్.ఎస్. నీళ్లు కొద్దికొద్దిగా తాపి, తేరుకొనకపోతే ఆసుపత్రికి తీసుకొని వెళ్లవలెను.

రోడ్డు దాటవలసి వచ్చినప్పుడు బిడ్డ వేలు కాదు, మణికట్టు పట్టుకోండి. నంద్యాల నుండి ఆళ్లగడ్డ మీదుగా పోయే 40వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న ఊళ్లవారు రోడ్డుకు ఇటువైపుననే ఆటచోటు చూచుకొనుట మేలు.

జారుడుబల్ల, ఉయ్యాల

ఆటస్థలములలో దెబ్బలు ఎక్కువగా తగిలేది పడిపోవుట వలననే. గనుక బల్ల ఎంత అందముగా ఉన్నదని కాదు, దాని కింద ఏమున్నదని ముందు చూడండి. సిమెంటు, బండరాయి, గట్టిపడిన నల్లరేగడి నేల ఉన్నచోట ఎత్తైన వాటిని ఎక్కించకండి. 9 అంగుళముల మందమున మెత్తని ఇసుక ఉన్నయెడల నాలుగు అడుగుల ఎత్తునుండి పడినను పెద్ద దెబ్బ తగలకుండ కాచును.

ఎండలో ఉన్న ఇనుప జారుడుబల్ల క్షణములో చర్మము కాల్చును. ప్లాస్టిక్ బల్ల కూడ తక్కువేమి కాదు. మొదట మీ చేతి వెనుకభాగము ఆనించి చూడండి. మీకు వేడి అనిపిస్తే బిడ్డకు అది నిప్పే.

బిడ్డను ఒడిలో పెట్టుకొని జారుట ప్రేమగా కనబడును గాని అది మంచి పద్ధతి కాదు. బిడ్డ కాలు బల్ల అంచుకు తగులుకొన్నప్పుడు పెద్దవారి బరువు ఆపలేనిది గనుక, ఆ లేత కాలు మెలిపడి విరుగుట జరుగుచున్నది. వయస్సుకు తగిన చిన్న బల్ల మీద బిడ్డనే ఒంటరిగా జారనివ్వండి. మీరు పక్కన నిలువండి.

ఉయ్యాల ఊగుచుండగా దాని ముందునుండి, వెనుకనుండి చిన్నపిల్లలు పరుగెత్తకుండ చూడవలెను. చున్నీలు, మెడలోని దారములు, పొడవైన గొలుసులు ఇంట్లోనే తీసి ఉంచండి. అవి బల్లకు చిక్కుకొని మెడ బిగియవచ్చును. కమ్మీల మధ్య సందు 9 నుండి 23 సెంటీమీటర్ల వరకు ఉంటే బిడ్డ శరీరము దూరును గాని తల ఇరుక్కొనును. అటువంటిచోట ఎక్కనీయకండి.

చెట్లు, కుక్కలు, మట్టి

పువ్వులు అందముగా ఉండునని మందిరముల ఆవరణలలోను, పార్కులలోను గన్నేరు నాటుతారు. ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు రెండును విషమే. పచ్చగన్నేరు కాయలోని గింజ ప్రాణము తీయగలదు. ఉమ్మెత్తకాయ కూడ అట్టిదే. చిన్నబిడ్డలు ఏదైనను నోట పెట్టుకొందురు గనుక వారు ఆడేచోట ఈ మొక్కలు ఉండనీయకండి. బిడ్డ తిన్నాడని అనుమానము కలిగితే నాటుమందులతో కాలము గడపక, ఆ కాయను వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను.

కంపముండ్లు, గాజుపెంకులు ఉన్నవేమో ముందుగా నేలంతా చూడండి. ధనుర్వాతము రాకుండ వేయించే టీకాలు, ఒకటిన్నర ఏట వేసేది, ఐదేండ్లు దాటిన తరువాత వేసేది, మరువకండి. కుక్క కరిచినను, గీరినను ఆ చోటును సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషములు కడిగి అదేరోజు రేబీస్ టీకా వేయించవలెను. కారము, పసుపు, ఆకుపసరు పూయకూడదు.

మట్టిలో ఆడితే నులిపురుగులు వస్తాయని కొందరు బిడ్డలను దింపరు. ఆట మాన్పవలసిన పని లేదు. చెప్పులు తొడగండి, ఆట ముగియగానే సబ్బుతో చేతులు కడగండి, గోళ్లు కత్తిరించండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జాతీయ నులిపురుగుల నివారణ దినమున ఒక ఏడు దాటిన బిడ్డలకు అంగన్‌వాడీలలోను, బడులలోను మాత్ర ఉచితముగా ఇస్తారు.

ఖాళీ స్థలము మనందరిది

ప్లాట్లు వేసేవారు మొత్తము భూమిలో 10 శాతము ఖాళీస్థలముగా విడిచిపెట్టి పురపాలక సంఘమునకో, పంచాయతీకో అప్పగించవలెనని మన రాష్ట్రపు 2017 నాటి లేఅవుట్ నిబంధనలు చెప్పుచున్నవి. ప్లాటు కొనేవారు ధర, దిక్కు, వీధిపోటు చూస్తారు. పార్కు స్థలము ఎక్కడ అని అడిగేవారు తక్కువ. ఆమోదము పొందిన లేఅవుట్ నకలు అడిగి చూడండి. అందులో పార్కు అని గీసిన చోట నేడు పశువుల కొట్టమో, కట్టెల కుప్పయో ఉన్నదా? ఉన్నయెడల నలుగురు కలిసి పురపాలక సంఘమునకు అర్జీ వ్రాయండి.

ఇట్లు అడిగినవారు ఊరకే పోలేదు. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలమును ఒక ప్రైవేటు ఆసుపత్రి కట్టుటకు ఇవ్వగా, ఆ వీధివారు కోర్టుకు వెళ్లినారు. పార్కు స్థలమును అట్లు మార్చుట చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. ఆసుపత్రి మంచిదే గాని, ప్రజల ఆరోగ్యమునకు పార్కు కూడ అవసరమే.

సంఘము ఏమి చేయగలదు?

మన గుడి ఆవరణలు చాలావరకు ఆదివారము నిండి, తక్కిన ఆరు దినములు తాళము వేసి ఉండును. నంద్యాలలోని హోలీ క్రాస్ కేథడ్రల్ మొదలుకొని పల్లెలోని చిన్న మందిరము వరకు, గోడ, గేటు, చెట్టునీడ ఉన్నచోట ఆటస్థలమునకు కావలసినది సగము అమరియే ఉన్నది.

ఇది కొత్త ఆలోచన కాదు. బెర్లిన్ నగరములో పిల్లలకొరకు పోసిన ఇసుకకుప్పలను చూచిన మేరీ జక్రజెవ్‌స్కా అను వైద్యురాలి సలహా మేరకు, 1885లో అమెరికాలోని బోస్టన్ పట్టణమున పేదలు నివసించే చోట పార్మెంటర్ వీధిలో ఒక ఇసుకకుప్ప పోయించినారు. ఎక్కడనుకొన్నారు? ఒక చిన్న ప్రార్థన మందిరపు ఆవరణలో. ఇనుప బల్లలు లేవు, ఉయ్యాలలు లేవు. ఇసుక, దగ్గర కూర్చుని చూచే స్త్రీలు, అంతే. అమెరికాలోని ఆటస్థలముల చరిత్ర ఆ ఇసుకకుప్పతోనే మొదలైనదని చెబుతారు.

అంతటి పని మన సంఘములకు కష్టము కాదు. ఒక శనివారము యౌవనస్థులు కంపలు నరికి, గాజుపెంకులు ఏరవచ్చును. సంపుకు గట్టి మూత, బావికి గోడ, వాడని బోరుగుంతకు మూత ఉన్నవో లేవో పెద్దలు చూడవలెను. విడిచిపెట్టిన బోరుబావులను మూసివేయవలెనని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించినది. నాలుగు వరుసల ఇటుకల మధ్య ఒక ట్రాక్టరు ఇసుక పోయించి, రాత్రి కుక్కలు, పిల్లులు పాడుచేయకుండ టార్పాలిన్ పట్ట కప్పండి. పాత టైరుతో ఉయ్యాల కట్టేవారు అడుగున రంధ్రములు చేయవలెను. లేకపోతే వాననీరు నిలిచి డెంగీ దోమలు పెరుగును. వేప, కానుగ మొక్కలు నాటితే కొన్ని ఏండ్లకు నీడ వచ్చును.

తరువాత కావలసినది మనుష్యులు. స్త్రీల సమాజమువారు, పని విరమించిన ఉపాధ్యాయులు, అవ్వాతాతలు సాయంకాలమునకు ఇద్దరు చొప్పున వంతు వేసుకొంటే చాలును. వారి చేతిలో ఫోను ఉండకూడదు. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, దాగుడుమూతలు వారికి తెలిసిన ఆటలే. ఆ ఆటలు మనవళ్లకు నేర్పేది వారు కాకపోతే మరెవరు? పగటిపూట ఇంట్లో ఒంటరిగా ఉండే వృద్ధులకు కూడ ఆ గంట మంచి తోడు.

రెండు సంగతులు మాత్రము మరువకూడదు. గేటు తీసినప్పుడు వీధిలోని అందరి బిడ్డలకు తీయండి. ఏ పేట, ఏ మతము, ఏ కులము అని అడగవద్దు. ఇసుకలో కూర్చున్న పిల్లలకు ఆ భేదములు తెలియవు. రెండవది, కాళ్లు సరిగా రాని బిడ్డ, మాట రాని బిడ్డ ఇంట్లోనే ఉండిపోకుండ చూడండి. నేలమీది ఇసుకకుప్ప దగ్గర వారు కూడ సమానముగా ఆడుకొనగలరు. తల్లి సిగ్గుపడి తీసుకొని రాకపోతే మనమే వెళ్లి పిలువవలెను.

ఈ వారము ఇంటిల్లిపాది కూర్చున్నప్పుడు ఈ మూడు ప్రశ్నలు మాట్లాడుకోండి. మన ఇంటికి నడచివెళ్లే దూరములో చిన్నవారు ఆడుకొనదగిన చోటు ఏది? అక్కడ ముందుగా తీసివేయవలసిన అపాయము ఏది? సాయంకాలము ఒక గంట వారి వెంట ఎవరు వెళ్లుదురు? మూడవ ప్రశ్నకు ఒక పేరు చెప్పి, ఆ పేరుగలవారు ఈ సాయంకాలమే చెప్పులు తొడుగుకొనండి. బిడ్డలు అప్పటికే గడప దగ్గర నిలిచి ఉందురు.